రాజుగారి ఎదుట ఒక విన్నపము

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన వాక్యభాగము: నెహెమ్యా 1:1 నుండి 2:8 వరకు

 ఈ ఉదయము ఇంటిలో కుటుంబముతో కూర్చుండి వింటున్నవారికి, ఆసుపత్రి పడక మీద నుండి వింటున్నవారికి, నైట్ షిఫ్టు ముగించుకొని కంపెనీ బస్సులో ఇంటికి వెళ్తూ చెవి దగ్గర పెట్టుకొని వింటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రత్యేకముగా వందనములు.

పోయిన నెల మాకు వచ్చిన ఉత్తరములలో ఒకటి రేణిగుంట ప్రాంతము నుండి వచ్చింది. రాసిన సహోదరుని పేరు, ఆయన పనిచేసే కంపెనీ పేరు నేను చెప్పను. ఆయన రాసిన సంగతి మాత్రము చెబుతాను. ఆరేండ్లుగా ఆయన ఒక ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద పనిచేస్తున్నాడు. షిఫ్టులు మారుతూ ఉంటాయి గనుక నెలలో ఒకటి రెండు ఆదివారములకు మించి ఆరాధనకు వెళ్లలేకపోతున్నాడు. అదే కంపెనీలో క్వాలిటీ విభాగములో ఒక ఖాళీ ఉందని నోటీసు బోర్డు మీద పెట్టారు. లోపలివారెవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఇప్పుడున్న మేనేజరు సంతకము ఉండాలి.

చివరిలో ఆయన ఇలా అడిగాడు. "అయ్యగారూ, అడిగితే మా మేనేజరు మనసులో పెట్టుకుంటాడేమో. ఆ ఉద్యోగము రాకపోతే మళ్లీ ఆయన క్రిందనే పనిచేయాలి. అసలు నేను అడగవచ్చునా? లేక దేవుడు ఉంచిన చోటనే నోరు మూసుకొని ఉండాలా?"

ప్రియులారా, ఈ ప్రశ్న ఒక్కరిది కాదు. మా చిన్నతనములో తిరుపతి చుట్టుప్రక్కల ఉద్యోగము అంటే రైల్వే, ఆర్టీసీ, బడిపంతులు పని, ఇంతే. ఇప్పుడు గాజులమండ్యం పారిశ్రామికవాడ ఉంది. సత్యవేడు వైపు 2008లో ఆరంభమైన శ్రీసిటీ ఉంది. మన సంఘములలోని పిల్లలు అనేకులు బెంగుళూరులో, చెన్నైలో కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. వారందరికీ కంపెనీ ఒకటే, టీములు వేరు. ఒక టీములో ఉన్నవాడు ఇంకొక టీమువైపు చూస్తూ ప్రార్థన చేస్తున్నాడు. ఇది లోకసంబంధమైన సంగతి గదా, దీనికి వాక్యములో ఏమి ఉంటుంది అని మీరు అనుకోవచ్చు. ఉంది. ఒకే యజమాని క్రింద ఉంటూ వేరొక పనికి పంపమని అడిగిన మనిషి ఒకడు బైబిలులో ఉన్నాడు. ఆయన పేరు నెహెమ్యా.

అడుగకముందు నాలుగు నెలలు

నెహెమ్యా పారసీక రాజైన అర్తహషస్త దగ్గర షూషను కోటలో ఉన్నాడు. రాజుకు ద్రాక్షారసపు గిన్నె అందించే ఉద్యోగము ఆయనది. రాజు ప్రాణము ఆ గిన్నెలో ఉంటుంది గనుక నమ్మకస్థుడికే ఆ పని ఇస్తారు. జీతానికి లోటు లేదు, గౌరవానికి లోటు లేదు. అటువంటివాడికి కిస్లేవు నెలలో, అంటే మన నవంబరు డిసెంబరు కాలములో, యెరూషలేము నుండి కబురు వచ్చింది. ప్రాకారము కూలిపోయింది, గుమ్మములు కాలిపోయాయి, అక్కడివారు నిందలో బ్రతుకుతున్నారు అని.

ఆయన వెంటనే రాజు దగ్గరకు పరుగెత్తలేదు. ఏడ్చాడు, ఉపవాసమున్నాడు, ప్రార్థించాడు. రాజు ఎదుట నోరు తెరచినది నీసాను నెలలో, అంటే మార్చి ఏప్రిల్ కాలములో. మధ్యలో దాదాపు నాలుగు నెలలు గడిచాయి. మొదటి అధ్యాయములో ఆయన ప్రార్థన చదివి చూడండి. ఆ ప్రార్థనలో ఒప్పుకోలు ఉంది. తన పాపము, తన తండ్రి ఇంటివారి పాపము ఒప్పుకున్నాడు. రాజు దయ చూపేలా చేయమని అడిగినది చివరిలో, ఒక్క మాటలో.

మనమేమో పై అధికారి తప్పులు మొదట చెప్పి, మన కష్టములు తరువాత చెప్పి, ఆమెన్ అంటాము. ఒప్పుకోలు మిగలదు. ఆ నాలుగు నెలలలో నెహెమ్యా గిన్నె అందించే పని మానలేదు అన్న సంగతి కూడా గమనించండి. అంతకుముందెన్నడూ రాజు ఎదుట విచారముగా కనబడలేదని ఆయనే రాశాడు. మనసు యెరూషలేములో ఉంది, చేతులు మాత్రము షూషనులో పని చేస్తున్నాయి. వేరే విభాగమునకు వెళ్లాలని నిర్ణయించుకున్న రోజు నుండి ఇప్పుడున్న పనిలో చేతులు దించేసేవారు మనలో ఉన్నారు. నా సహోదరుడా, నీ సాక్ష్యము ఆ ఆఖరి నాలుగు నెలలలోనే తెలుస్తుంది.

ఆపుచేయించిన రాజునే అడిగాడు

రెండవ అధ్యాయములో రాజే అడిగాడు, నీ ముఖము ఎందుకు చిన్నబోయింది అని. అప్పుడు నెహెమ్యా మిగుల భయపడ్డాడు. ఎందుకు భయపడ్డాడో తెలియాలంటే ఎజ్రా గ్రంథము నాలుగవ అధ్యాయము చూడాలి. యెరూషలేము పట్టణము కట్టకూడదని ఆజ్ఞ రాయించి పని ఆపుచేయించినవాడు ఈ అర్తహషస్తే. ఆ పని మళ్లీ జరగాలంటే ఆ రాజే మాట మార్చుకోవాలి. ఇప్పుడు ఆయన ఎదుటనే నిలిచి, ఆ పట్టణమును కట్టడానికే నన్ను పంపమని అడగాలి.

రేణిగుంట సహోదరుడా, మీ భయము ఇక్కడ రాయబడి ఉంది. భయపడినందుకు దేవుడు నెహెమ్యాను తప్పుపట్టలేదు. భయములోనే ఆయన పరలోకమందలి దేవునికి ఒక్క క్షణము ప్రార్థన చేసి, తరువాత రాజుతో మాట్లాడాడు. రాజు ప్రశ్నకు, తన జవాబుకు మధ్య ఒక ఊపిరి తీసుకునేంత సమయము. నాలుగు నెలలు మోకాళ్ల మీద ఉన్నవాడికే ఆ ఒక్క ఊపిరి ప్రార్థన సరిపోతుంది.

ఆయన అడిగిన విధానము కూడా చూడండి. చాటుగా వెళ్లలేదు. మరొక అధికారి ద్వారా రాజు మీద ఒత్తిడి తేలేదు. ఎంత కాలము పడుతుందని రాజు అడిగితే గడువు చెప్పాడు. నది అవతలి అధికారులకు ఉత్తరములు కావాలని, అడవి కాపరియైన ఆసాపు మ్రానులు ఇచ్చేలా ఉత్తరము కావాలని లెక్కగా అడిగాడు. ప్రార్థన చేశాను గదా అని కాగితములు వదిలిపెట్టలేదు. మేనేజరు సంతకము అడగడము విశ్వాసములేనితనము కాదు, సహోదరుడా. నెహెమ్యా రాజు సంతకము అడిగాడు.

ఏ పని కోసము అడుగుతున్నావు?

నెహెమ్యా కోటలో నుండి కూలిన గోడల దగ్గరకు వెళ్లాడు. అక్కడ సన్బల్లటు, టోబీయా ఎగతాళి చేశారు. పనివారు ఒక చేత పని, ఒక చేత ఆయుధము పట్టుకొని ఏబది రెండు దినములలో ప్రాకారము ముగించారు. పండ్రెండు సంవత్సరములు అధిపతిగా ఉండి కూడా అధికారికి రావలసిన భోజనపు భత్యము ఆయన తీసుకోలేదు. ప్రజల మీద భారము ఎక్కువగా ఉన్నదని తెలిసి వదులుకున్నాడు. ఐదవ అధ్యాయములో ఇది ఉంది.

మన జిల్లాలో కూడా అటువంటి దారిని నడిచినవారు ఉన్నారు. పూర్వపు చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో 1915లో క్షయ ఆసుపత్రి ఆరంభమైంది. అనేక మిషన్లు కలిసి నడిపిన ఆసుపత్రి అది. డెన్మార్కు దేశపు మిషనరీ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోత్ మోలర్ దానికి మొదటి సూపరింటెండెంటు. క్షయకు పనిచేసే మందు, అంటే స్ట్రెప్టోమైసిన్, 1940లలో గాని రాలేదు. అంతవరకు గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి ఆహారము, ఓపిక, ఇవే ఎక్కువగా వైద్యము. అంటే బాగుచేసే మందు చేతిలో లేని రోజులలో, దగ్గు వింటేనే జనము దూరముగా జరిగిన రోజులలో, ఆ పడకల మధ్యకు వెళ్లినవారు వారు.

సులువైన పనికి మారడము పాపమని నేను అనడము లేదు. నడుము నొప్పి ఉన్నవాడు కూర్చుండే పని అడగవచ్చు. చంటిబిడ్డ తల్లి పగటి షిఫ్టు అడగవచ్చు. ఆదివారము ఆరాధన కొరకు మారాలనుకోవడము మంచి కోరికే. అయితే కారణము ఏమిటో దేవుని ఎదుట నిజముగా చెప్పుకోవాలి. ఆరాధన కొరకని ప్రార్థనలో చెప్పి, క్వాలిటీవాళ్లు వేసుకునే తెల్లకోటు మీద మనసు పెట్టుకుంటే, ఆ తెల్లకోటు వచ్చాక కూడా ఆదివారము ఏదో ఒక అడ్డము వస్తుంది.

కోరహు అడిగిన మార్పు

మార్పు అడిగిన మరొకడు సంఖ్యాకాండములో ఉన్నాడు. లేవీయులలో మూడు ఇంటివారు ఉన్నారు. గెర్షోనువారు తెరలు మోయాలి, వారికి రెండు బండ్లు ఇచ్చారు. మెరారివారు పలకలు, స్తంభములు మోయాలి, వారికి నాలుగు బండ్లు ఇచ్చారు. కహాతువారికి బండ్లు లేవు. మందసము, బల్ల, దీపవృక్షము వంటి అతి పరిశుద్ధమైనవాటిని వారు భుజముల మీద మోయాలి. ఎడారిలో, ఎండలో, భుజము మీద.

కోరహు ఈ కహాతు ఇంటివాడు. అతనికి భుజము మీది మందసము గొప్పగా కనబడలేదు. అహరోను చేతిలోని ధూపార్తి గొప్పగా కనబడింది. యాజకత్వము కావాలన్నాడు. ఊరకే అడగలేదు, రెండువందల ఏబదిమంది పేరుపొందినవారిని వెంటబెట్టుకొని మోషే మీదికి లేచాడు. అతని అంతము మీకు తెలుసు.

నెహెమ్యా కూడా మార్పు అడిగాడు, కోరహు కూడా అడిగాడు. ఒకడు కూలిన గోడను చూసి ఏడ్చి అడిగాడు. ఇంకొకడు పక్కవాని చేతిలోని ధూపార్తిని చూసి ఓర్వలేక అడిగాడు.

అయితే దేవుని కనికరము చూడండి. కోరహు కుమారులు చావలేదని సంఖ్యాకాండము 26వ అధ్యాయము చెబుతుంది. దావీదు కాలము వచ్చేసరికి మందసము యెరూషలేము చేరింది. ఇక గుడారము మోసే పని లేదని దావీదు లేవీయులకు వేరే పనులు పంచినట్లు మొదటి దినవృత్తాంతములు 23వ అధ్యాయములో చూస్తాము. తరతరములుగా చేసిన పని ఒక్కసారిగా అవసరము లేకుండా పోయింది. మీ సెక్షను మూసేస్తున్నామని చెప్పించుకున్నవారు ఈ మాట జాగ్రత్తగా వినండి. కోరహు సంతతివారిలో కొందరు ద్వారపాలకులయ్యారు, కొందరు గాయకులయ్యారు. 84వ కీర్తన వారి పేరున ఉంది. దుష్టుల గుడారములలో నివసించడము కంటే దేవుని మందిర ద్వారము దగ్గర ఉండడము మేలని ఆ కీర్తన పాడుతుంది. తాత యాజకుని స్థానము కోసము తిరుగబడ్డాడు. మనుమలు గుమ్మము దగ్గర నిలువబడి సంతోషముగా పాడారు.

నేను చేసిన తప్పు

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా ఈ వాక్యము బోధించే అర్హత నాకు లేదు.

సేవలోనికి రాకముందు నేను ఒక ఆఫీసులో ఉద్యోగిని. నా పని ఫీల్డు సెక్షనులో. పుత్తూరు, పాకాల, పీలేరు అని వారమంతా బస్సులలో తిరిగేవాడిని. తిరుపతిలోని అకౌంట్సు సెక్షనులో ఒక కుర్చీ ఖాళీ అయ్యింది. ఫ్యాను క్రింద కూర్చొని చేసే పని, సాయంత్రము ఇంటికి రావచ్చు. నేను ప్రార్థన చేశాను. ప్రార్థన చేసిన మరునాడే, మా పై అధికారికి తెలియకుండా, ఆయన పైవారికి బాగా తెలిసిన ఒక పెద్దమనిషిని పట్టుకొని సిఫారసు ఉత్తరము సంపాదించాను. పది రోజులలో ఆర్డరు వచ్చింది. సంఘములో లేచి సాక్ష్యము చెప్పాను. అందరూ స్తోత్రము అన్నారు.

ఆ కుర్చీ కోసము నాకంటే ఒక సంవత్సరము ముందు దరఖాస్తు పెట్టుకున్నవాడు ఒకడు ఉన్నాడు. నా సెక్షనులోనే, నా పక్క టేబులే. వాళ్లమ్మను తిరుపతి రుయా ఆసుపత్రికి వారానికి రెండుసార్లు తీసుకొనిపోవాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, దేవుడు నాకు తలుపు తెరిచాడు అన్నాను.

చాలా రోజుల తరువాత ఈ నెహెమ్యా భాగము చదువుతుంటే, చాటుగా వెళ్లలేదు అన్న సంగతి దగ్గర నేను ఆగిపోయాను. ఆ ఆదివారము సాయంత్రము వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాను. అతడు విశ్వాసి కాడు. మంచము వాల్చి కూర్చోమన్నాడు, కాఫీ ఇచ్చాడు. "నన్ను ఒక మాట అడిగుంటే ఇద్దరమూ పోయి చెప్పుకొనుందుము గదన్నా" అన్నాడు. "అమ్మ పొయ్యి పదకొండు నెలలాయ" అన్నాడు. అంతే. కోపముగా ఒక్క మాట అనలేదు. ఆ కాఫీ నా గొంతులో దిగలేదు.

నేను ఆ కుర్చీ వదులుతానని ఆఫీసులో రాసి ఇచ్చాను. అతనికి ఇచ్చారు. కాని అతనికి అది అవసరమైన దినములు వెళ్లిపోయాయి. దేవుడు నన్ను క్షమించాడని నమ్ముతున్నాను. ఆ పదకొండు నెలలు మాత్రము నేను తిరిగి ఇవ్వలేను. అందుకే మీకు చెబుతున్నాను. ఖాళీ కుర్చీ కనబడినప్పుడు, దాని కోసము నీకంటే ముందు ఎవరు నిలబడి ఉన్నారో చూడు. తెరిచిన తలుపు అని సాక్ష్యము చెప్పకముందు, ఆ తలుపు దగ్గర ఎవరినైనా ప్రక్కకు నెట్టామా అని చూసుకోవాలి.

క్రింది వరుస

రైల్వేలో పనిచేసే మన సహోదరులకు ఒక నియమము బాగా తెలుసు. అధికారులే అవసరము కొరకు పంపితే ఉద్యోగి సీనియారిటీ పోదు. తానే కోరుకొని ఒక డివిజను నుండి మరొక డివిజనుకు వెళితే, అక్కడ ఆ గ్రేడులో అప్పటికే ఉన్నవారందరి క్రింద అతని పేరు వేస్తారు. గుంతకల్లు డివిజనులో పదిహేనేండ్లు చేసినవాడైనా సరే, కొత్త చోట తనకంటే చిన్నవాని క్రింద నిలబడాలి. సర్వీసు పోదు, ప్రమోషను వరుస పోతుంది. ఇద్దరు ఒకరి చోటికి ఒకరు మారినా, ఇద్దరి సీనియారిటీలో ఏది తక్కువో దానినే లెక్కలోనికి తీసుకుంటారు. తల్లిదండ్రుల కొరకు, భార్యాబిడ్డల కొరకు ఆ క్రింది వరుసకు సంతకము పెట్టి వచ్చినవారు మన సంఘములలో ఉన్నారు.

ఆ నియమము విన్నప్పుడెల్లా నాకు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయము గుర్తుకు వస్తుంది. మన ప్రభువు తండ్రి పంపగా వచ్చాడు. అయినను తనంతట తానే తన ప్రాణము పెట్టాడు. దేవునితో సమానమైన స్థానము ఉండి, దానిని పట్టుకొని కూర్చొనలేదు. దాసుని రూపము ధరించి, అందరి క్రింద, సిలువ మీద నేరస్థుల వరుసలో నిలిచాడు. ఆయన మన దగ్గరకు రావడానికి పెట్టిన సంతకము అది. ఈ ఉదయము నీవు ఏ వరుసలో ఉన్నా, నీకంటే క్రింది వరుసలో ఆయన నిలిచి ఉన్నాడు, నిన్ను ఎత్తడానికి.

ముగింపు

రేణిగుంట సహోదరుడా, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. అడగవచ్చు. మొదట ఉపవాసముండి నిజమైన కారణమేమిటో దేవుని ఎదుట ఒప్పుకోండి. ఆ ఖాళీ కోసము మీకంటే ముందు ఎదురుచూస్తున్నవారు ఉన్నారేమో విచారించండి. తరువాత మీ మేనేజరు దగ్గరకు మీరే వెళ్లి, ఇతరుల నోట వినకముందే, మర్యాదగా చెప్పండి. మీ చోటికి వచ్చేవానికి పని నేర్పించి వెళతానని, ఎన్ని రోజులు ఉంటారో గడువు చెప్పండి. ఆయన సంతకము పెడితే దేవునికి స్తోత్రము. పెట్టకపోతే, మరునాడు కూడా సమయానికి లైను మీద నిలబడండి. పౌలు ఆసియకు వెళ్లబోతే ఆత్మ ఆటంకపరచాడు, బితూనియకు వెళ్లబోతే వెళ్లనియ్యలేదు. ఆ మూసిన తలుపుల తరువాతే త్రోయలో మాసిదోనియ పిలుపు వచ్చింది.

ఈ మాటలు వింటున్న మేనేజర్లు, సూపర్వైజర్లు ఉంటే మీకు ఒక విన్నపము. మీ క్రింద పనిచేసేవాడు కాగితము పట్టుకొని వణుకుతూ వచ్చినప్పుడు, నాకు పనివాడు తగ్గిపోతాడు అన్నది ఒక్కటే ఆలోచించకండి. దేవుని ఎరుగని అర్తహషస్త రాజు తన నమ్మకస్థుని పంపించాడు. ఉత్తరములు ఇచ్చాడు, సైనికులను తోడిచ్చాడు. పరలోకమందు మీకును యజమానుడున్నాడని కొలొస్సయుల పత్రిక జ్ఞాపకము చేస్తుంది. ముప్పది రెండవ యేట నెహెమ్యా మళ్లీ ఆ రాజు దగ్గరకే వచ్చాడని 13వ అధ్యాయములో ఉంది. మంచిగా పంపబడినవాడు మంచిగా తిరిగివస్తాడు.

ప్రార్థన చేసుకుందాము.

కృపగల తండ్రీ, ఈ ఉదయము తమ విన్నపము చేతిలో పట్టుకొని భయపడుతున్న బిడ్డలను నీ సన్నిధికి తెస్తున్నాము. నెహెమ్యాకు ఇచ్చిన కన్నీటిని, ధైర్యమును వారికి దయచేయుము. పక్కవానిని నెట్టి ముందుకు వెళ్లే బుద్ధి మాలో ఉంటే క్షమించి తీసివేయుము. ఒకవేళ జవాబు కాదు అని వస్తే, ఆ పాత చోటనే నీవు మాతో ఉన్నావని చూపించుము. అందరి క్రింద నిలిచి మమ్మును విడిపించిన యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.